నార తెగిన మామిడి

కంబగిరి స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ సమయానికి తన చేతిలో ఏ పని ఉంటే ఆ పనిని అడిగినవాడి చేతిలో పెట్టేవారు. విస్తరి కుడుతూ ఉంటే విస్తరి, పప్పు ఏరుతూ ఉంటే చేట. "ఇది పట్టుకో నాయనా, చూద్దాం" అనేవారు. చాలామందికి ఆ పని ముగిసేలోగా ప్రశ్న మరుపున పడేది. కొందరికి జవాబు దొరికేది. ఓబులేశు మాత్రం ఆ రెండింట్లో దేనికీ లొంగక, పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ అదే ప్రశ్న అడిగేవాడు. శిష్యులందరిలోకీ తెలివైనవాడని పేరు. ఆ పేరు అతనికి కూడా తెలుసు.

ఆశ్రమం ఎర్రమల కొండల్లో ఒక ఊట పక్కన ఉండేది. బోదగడ్డి కప్పిన కొట్టాలు, ఒక వంటపాక, వెనక కాసిని మామిడి చెట్లు, అంతే దాని సంపద. కొండ కింద దిగువపల్లె. ఆ ఊరికీ ఆశ్రమానికీ మధ్య ఎవరూ నోరు తెరిచి చెప్పుకోని ఒప్పందం ఒకటి నడిచేది. ఊరివాళ్ళు తమ పంటలో కొంత, కొర్రలో జొన్నలో, కొండకు మోసి పంపేవారు. ఆశ్రమం నుండి వారం వారం ఒకరు కిందికి దిగి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, జ్వరాలకు కషాయం కాచి ఇచ్చి, తగవులు విని, పోయేవాళ్ళ మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చేవారు. ఎన్నో ఏళ్ళు కంబగిరి స్వామే స్వయంగా దిగారు. మోకాళ్ళు మొరాయించి కొట్టం దాటలేని స్థితి వచ్చాక ఆ పని ఓబులేశుకు అప్పగించారు.

ఓబులేశు మొదట్లో శ్రద్ధగానే దిగాడు. అయితే అతనికి మంచి గొంతు ఉంది, మాటకు మాట అల్లే నేర్పు ఉంది. అతని ఉపన్యాసం ఒకసారి విన్నవాళ్ళు మరొకరిని వెంటబెట్టుకుని వచ్చేవారు. నంద్యాల నుండీ, ఆ పైనున్న పట్నాల నుండీ జనం కొండెక్కడం మొదలైంది. సభ ఉన్న రోజున దిగడానికి వీలయ్యేది కాదు. సభ మర్నాడు అలసటగా ఉండేది. ఒక వారం తప్పింది, తరవాత ఒక నెల తప్పింది. వర్షాకాలం వెళ్ళేసరికి దిగువపల్లె బాట మీద గడ్డి మొలిచింది.

ఆ ఏడే కార్తీకంలో వెనకనున్న పెద్ద మామిడికి ఆపద వచ్చింది. ఒళ్ళంతా ముళ్ళు నిక్కబొడుచుకుని తిరిగే ఏదుపంది ఒకటి దాని మొదలు దగ్గర చేరి, మోకాలెత్తున మాను చుట్టూ బెరడంతా కొరికి తినిపోయింది. మానుకు ఎవరో తెల్లని మొలతాడు కట్టినట్టు చెక్క బయటపడింది. ఓబులేశు చూశాడు. ఇంత పేడ తెచ్చి పూశాడు. చెట్టు చస్తుందేమోనని నాలుగు రోజులు దిగులుపడ్డాడు కూడా. చెట్టు చావలేదు సరికదా, మాఘం వచ్చేసరికి ముందెన్నడూ లేనంతగా పూసింది. ఆకు కనిపించకుండా పూసింది. ఆ పూత వాసనకు వచ్చిన తేనెటీగల రొద ఉపన్యాసం మధ్యలో వినిపించేది.

అది ఓబులేశుకు గొప్ప ఉపమానంగా తోచింది. సభలో లేచి, ఆ చెట్టు వైపు చెయ్యి చూపి, "చూడండి. ఈ మానుకు చుట్టూ బెరడు ఊడిపోయింది. ఊడిపోయాకే ఇంత పూసింది. బంధాలనే బెరడు ఊడితే తప్ప మనిషికి పూత పట్టదు" అన్నాడు. జనం తలలు ఊపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. తన కొట్టంలో మంచం మీద పడుకుని కంబగిరి స్వామి కూడా ఆ మాట విన్నారు. బెరడు ఊడిందా అని తనలో తాను అనుకున్నారు. లేచి చూద్దామంటే మోకాళ్ళు సహకరించలేదు. సాయంత్రం ఓబులేశును పిలిచి, "దిగువపల్లెకు పోయి ఎన్నాళ్ళయింది?" అని మాత్రం అడిగారు. వారం వారం అదే మాట అడుగుతూ వచ్చారు. ఓబులేశు వారం వారం ఏదో ఒక సమాధానం చెప్పుకుంటూ వచ్చాడు.

ఎండలు ముదిరాక స్వామి మోకాళ్ళు కొంచెం వదులయ్యాయి. మృగశిర కార్తెలో తొలివాన పడి నేల మెత్తబడిన ఒక ఉదయం, ఆయన ఒక గునపాన్ని చేతికర్రగా పట్టుకుని మెల్లగా మామిడి చెట్ల దాకా నడిచారు. పెద్ద మామిడి కొమ్మలు కాయల బరువుకు వంగి ఉన్నాయి. ఆయన కాయల వంక చూడలేదు. మొదలు దగ్గర నిలబడి, ఆ తెల్లని పట్టీ చుట్టూ వేళ్ళతో తడుముతూ చాలాసేపు ఉండిపోయారు. వెనకే వచ్చిన ఓబులేశు ఇన్నాళ్ళుగా మనసులో నలుగుతున్నది ఆ రోజు బయటపెట్టాడు.

"స్వామీ, ఒక సందేహం. కొమ్మ పైకి ఎదిగిన తరవాత మళ్ళీ నేల వైపు చూడవలసిన పని ఏముంది? కావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కొండెక్కి వస్తున్నారు. ఆశ్రమం ఇంతగా ఎప్పుడూ వెలగలేదు. నన్ను కిందికి దిగమని తమరు ఇంకా ఎందుకు అంటున్నారు?"

స్వామి గునపం అతని చేతికిచ్చారు.

"ఇక్కడ తవ్వు. వేరు తెగనివ్వకు, పక్కనుండి మట్టి తీయి."

ఓబులేశు తవ్వాడు. తడిసిన మట్టి సులువుగానే వచ్చింది. ముందు లావు వేరు ఒకటి బయటపడింది. దాని వెంట పోగా పోగా సన్నవేళ్ళ గుంపు తగిలింది. పట్టుకుంటే పైతోలు చేతికి ఊడివచ్చింది. లోపల నల్లని దారప్పోగు మిగిలింది. మరో గుంపు తీశాడు, అదీ అంతే. తెల్లగా, తేమగా, లేతగా ఉండవలసిన వేరుకొసల్లో ప్రాణం ఉన్నవి వెతికితే గాని కనపడలేదు. ఓబులేశు తలెత్తి కొమ్మల వైపు చూశాడు. పచ్చగానే ఉన్నాయి. అప్పుడు మాత్రం ఒకటి గమనించాడు. ఆ పచ్చదనంలో నిగనిగ లేదు. పొద్దెక్కకుండానే ఆకులు కాస్త ముడుచుకుంటున్నాయి.

"పైన ఇంత పచ్చగా ఉంటే కింద ఇట్లా ఎందుకుంది స్వామీ?"

స్వామి మెల్లగా ఒక రాయి మీద కూర్చున్నారు. సన్యాసం తీసుకోక ముందు ఆయనది మామిడి తోటల కుటుంబం. చెట్ల గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మారేది, శాస్త్రం చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో అంత ఆపేక్ష వినిపించేది కాదు.

"బావి దగ్గర కపిల తోలడం చూశావు కదా. రెండెద్దులు రొప్పుతూ వాలు దిగితే ఒక తోలుసంచెడు నీళ్ళు పైకి వస్తాయి. ఇక్కడ ఎద్దులు లేవు, మోకు లేదు, గిలక కిర్రుమన్న చప్పుడు లేదు. అయినా ఆ చిటారుకొమ్మన ఉన్న ఆకుకు రోజూ నీళ్ళు అందుతున్నాయి. లాగుతున్నది ఎవరనుకున్నావు? ఆకే. ఎండకు ఆకులోంచి రవ్వంత తడి గాలిలోకి పోతుంది. పోయిన చోటికి దాని వెనకనున్న తడి జరుగుతుంది. దాని చోటికి దాని వెనకది. వెంట్రుక కన్నా సన్నని దారులు అవి. ఆ దారుల్లో నీరు ఒకదాని చెయ్యి ఒకటి వదలకుండా, వేరుకొస నుండి ఆకుకొస దాకా తెగని వరసగా నిలబడి ఉంటుంది. ఇన్నేళ్ళు చెట్ల మధ్య బతికాను, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నీళ్ళ దారి చెక్కలో ఉంది. ఏదుపంది పళ్ళు చెక్కలోకి దిగలేదు. అందుకని ఆకు ఇంకా పచ్చగా ఉంది."

"మరి తెగింది ఏది?"

"అన్నం దారి." స్వామి ఆ పట్టీకి పైనున్న బెరడు అంచును చూపించారు. అక్కడ మాను పెదవిలాగా ఉబ్బి ఉంది. "ఆకు ఎండలో వంట చేస్తుంది. వండింది తీయని రసమై బెరడు లోపలి నారగుండా కిందికి దిగుతుంది. వేరుకు ఎండ ఎక్కడిది? అది తనంతట వండుకోలేదు. పైనుండి దిగిందే దాని కూడు. నార చుట్టూ తెగింది కనుక దిగవలసింది దిగలేదు. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చి ఆగి, ఇట్లా ఉబ్బిపోయింది. ఇక దానికి పోవడానికి చోటు లేక పూత అయింది, కాయ అయింది."

ఓబులేశు ఆ కాయల వైపు చూశాడు. తాను సభలో చెయ్యి చాచి చూపించిన పూత అది. అతని చెవులు వేడెక్కాయి.

"అయితే ఇన్నాళ్ళూ వేరు ఏం తిని బతికింది స్వామీ?"

"దాచుకున్నది తిన్నది. అది అయిపోయాక తనను తానే తిన్నది."

"తింటూనే నీళ్ళు పంపిందా?"

"పంపింది. ఇవాళ పొద్దున కూడా పంపింది."

ఓబులేశు తవ్విన మట్టిని దోసిళ్ళతో మళ్ళీ వేళ్ళ మీదికి కప్పాడు. చెట్టు బతుకుతుందా అని అడిగాడు. తెలియదన్నారు స్వామి. తెగిన బెరడుకు అటూ ఇటూ అదే చెట్టు రెమ్మలతో వంతెనలు కట్టి చూడాలన్నారు. కట్టాక పైన మెత్తడానికి మంచి రేగడి మట్టి కావాలి, కొండ మీద ఉన్నదంతా గరుసునేల. "పుల్లయ్య చేనిలో రేగడి వెన్నలాగా ఉంటుంది. దిగి ఒక తట్టెడు తీసుకురా."

ఓబులేశు దిగాడు. దిగేముందు చెట్టుకున్న పండు, పక్వానికి వచ్చిన కాయ అంతా కోసి, సభకు వచ్చేవాళ్ళకు కొంత ఉంచి, మోయగలిగినంత గంపకెత్తుకున్నాడు. బరువు తగ్గితే చెట్టుకు మంచిదని స్వామి చెప్పారు. గంప దిగువపల్లెకు తీసుకుపొమ్మని మాత్రం ఆయన చెప్పలేదు. అది ఓబులేశుకే తోచింది.

ఊరు చడీచప్పుడు లేకుండా ఉంది. తాను పిల్లలకు అక్షరాలు దిద్దించిన చావిడిలో ఎవరివో మేకలు కట్టేసి ఉన్నాయి. పుల్లయ్య ఇల్లు ఊరి కొసన. అమావాస్య అమావాస్యకు కొర్రల మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కేవాడు పుల్లయ్య. మాట తక్కువ మనిషి. మూట దింపి, దండం పెట్టి, మజ్జిగ తాగి దిగిపోయేవాడు. ఓబులేశు వాకిట్లో నిలబడి పిలిచేసరికి అతని భార్య సుంకులమ్మ బయటికి వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని, కింద కూర్చుని దండం పెట్టింది.

"పుల్లయ్య చేనికి పోయాడా అమ్మా?"

సుంకులమ్మ అతని ముఖం వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"ఆయప్ప పోయినాడు సామీ. పుష్యమాసంలో. చలిజొరం పట్టుకునె. పది దినాలు మంచంలోనే ఉండె."

ఓబులేశు అరుగు మీద కూర్చున్నాడు. గంప ఎప్పుడు దింపాడో అతనికి తెలియదు.

"మాకు కబురు చేయలేదేమమ్మా?"

"నేను పోతానంటే ఆయప్పే వద్దన్నాడు. పైన పెద్ద సభ జరగతాంది, సామి మాట కోసరం యాడెయాడనుంచో వచ్చినారు, నా మంచం కాడికి పిలిపించద్దు అన్నాడు."

"మరి కొర్రలు? మూట ప్రతి అమావాస్యకూ వస్తూనే ఉంది కదా."

"నేనే తెస్తాంటి. పైదాకా ఎక్కలేక, సగం కొండ కాడ బండ మీద పెట్టి వస్తాంటి. వంటాయన దిగి తీసకపోతాండె. మీకు చెప్పలేదేమో ఆయన."

వంటాయన చెప్పాడో లేదో ఓబులేశుకు గుర్తులేదు. చెప్పినా వినిపించుకుని ఉండడు. తలుపు సందులోంచి ఇల్లంతా కనిపిస్తోంది. ఉట్టి మీదా గోడ పక్కనా ఉన్న కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద గుప్పెడు జొన్ననూకలో చెంచలాకు కలిపిన గంజి ఉడుకుతోంది. ఆ ఇంట్లో ఈ ఆకు కూడు ఇవాళ మొదలైంది కాదని చూడగానే తెలుస్తోంది.

"ఇంట్లో లేనప్పుడు మాకెందుకు పంపావమ్మా?"

ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. "పంటలో మొదటి పాలు కొండది గదా సామీ. నేను తినేది ముందరా వెనకా అయితే అయితాది. ఆ పాలు తప్పిస్తే ఎట్లా" అంది. తరవాత ఏదో అడగాలని అడగలేక కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. చివరికి అడిగింది.

"సామీ, ఆయప్ప పోయేటప్పుడు చెవిలో నామం చెప్పేవాళ్ళు లేకపోయిరి. నాకొచ్చింది నేనే చెప్పినా. నాకు సరిగ్గా రాదు. తప్పుగా చెప్పింటే ఆయప్పకు ఏమన్నా అయితాదా?"

వేలమంది ముందు గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన ఓబులేశుకు ఆ క్షణాన ఒక్క శ్లోకం కూడా గుర్తురాలేదు. "లేదమ్మా. తప్పేం లేదు. సరిగ్గానే చెప్పావు" అన్నాడు. ఆమె ఊపిరి వదిలింది. పుష్యమాసం నుండి బిగబట్టుకున్న ఊపిరి అది. ఆ తరవాత ఆమె లేచి, చేనికి దారి చూపించి, తానే పార తీసుకుని ముందు నడిచింది. వద్దన్నా వినకుండా తట్టలోకి మట్టి ఎత్తించింది. మామిడిపండ్ల గంపను ఆమె వాకిట్లోనే వదిలి, ఊళ్ళో అందరికీ పంచమని చెప్పి, ఓబులేశు రేగడి తట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు.

స్వామి అతని ముఖం చూశారు. తట్ట దింపించారు.

అప్పటికే ఆయన మామిడి రెమ్మలు కోయించి సిద్ధంగా ఉంచారు. బొటనవేలి లావున నిటారుగా ఉన్న రెమ్మలు, ఆకులు తుంచినవి. వాటి రెండు కొసలూ ఏటవాలుగా చెక్కించారు. పట్టీకి కిందనున్న బెరడులో ఒక గాటు, పైనున్న బెరడులో దానికెదురుగా ఒక గాటు. రెమ్మ కింది కొస కింది గాటులోకి, మీది కొస మీది గాటులోకి దూర్చి, గాలికి చెట్టు ఊగినా లాగకుండా రెమ్మను కొంచెం విల్లులా వంచి ఉంచాలి. "తలకిందులు చేయకు. దేని కొస దానికి తెలుసు" అన్నారు స్వామి. మాను చుట్టూ అట్లా వరసగా రెమ్మలు పొదిగి, అరటినారతో బిగించి కట్టి, కట్ల మీద రేగడి, పేడ కలిపి మెత్తాడు ఓబులేశు. వేరొకరిని ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పని ముగిసేసరికి పొద్దు వాలుతోంది. అలవాటు ప్రకారం చేతులు కడుక్కున్నాడు కాని, స్వామి దగ్గరికి వచ్చి మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ వర్షాకాలమంతా ఓబులేశు వారం వారం దిగాడు. చావిడిలోంచి మేకలను బయటికి తోలించి పిల్లలను కూర్చోబెట్టాడు. అమావాస్య నాడు తానే సగం కొండకు దిగి, బండ దగ్గర కూర్చుని సుంకులమ్మ వచ్చేదాకా కాచుకునేవాడు. ఆమె మూటలోంచి రెండు దోసిళ్ళు కొర్రలు మాత్రం కొండ పాలుగా తీసుకుని, మిగిలింది ఆమె నెత్తికే ఎత్తేవాడు. మొదట ఆమె ఒప్పుకోలేదు. పాలు తగ్గితే పాపం అంది. ఆ పాపం నాది అని ఓబులేశు అన్నాక ఊరుకుంది. ఆమె అడిగితే నామం నేర్పాడు. నేర్పుతుంటే తెలిసింది, ఆమెకు వచ్చింది సరైనదే. సభలు తగ్గాయి. వచ్చినవాళ్ళలో కొందరు, ఓబులేశు ఊళ్ళోకి వెళ్ళాడని విని, చెట్ల నీడన కాసేపు కూర్చుని లేచిపోయేవారు. కొందరు మళ్ళీ రాలేదు.

చెట్టు సంగతి మాత్రం చాలాకాలం తేలలేదు. కట్టిన రెమ్మల్లో కొన్ని నల్లబడి ఎండిపోయాయి. మిగిలినవాటిని ఓబులేశు రోజూ ఉదయం గోటితో గీరి చూసేవాడు. గీరిన చోట పచ్చగా కనిపిస్తే ఆ పూట అన్నం రుచించేది. శ్రావణం చివర ఒక రెమ్మ మీద ఎర్రని చిగురు వేసింది. పరిగెత్తుకుంటూ పోయి చెప్పాడు. స్వామి వచ్చి చూసి, ఆ చిగురును తన చేత్తోనే గిల్లి పారేశారు. "వంతెన మీద కాపురం పెట్టనివ్వకూడదు నాయనా. దాని పని దాటించడం" అన్నారు. చిగురు పోయినా రెమ్మ పోలేదు. చలికాలానికి బతికిన రెమ్మలన్నీ లావెక్కి, మానులో మానై కలిసిపోసాగాయి. మధ్యాహ్నపు ఎండలో కూడా ఆకులు ముడుచుకోవడం మానేశాయి.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. కిందటేడు సభలకు వచ్చి ఆ చెట్టు పండ్లు తిన్న పట్నంవాళ్ళు కొందరు సంచులు పట్టుకుని కొండెక్కారు. పెద్ద మామిడి దట్టంగా, నిగనిగలాడుతూ నిలబడి ఉంది. వెతికితే ఆకుల్లో అక్కడొకటి ఇక్కడొకటి కాయ. వచ్చినవాళ్ళు ఖాళీ సంచులతో దిగిపోయారు. చెట్టు కింద ఈతచాప వేసుకుని కూర్చున్న స్వామి దగ్గరికి ఓబులేశు వచ్చాడు. వాళ్ళను ఉత్తిచేతులతో పంపినందుకు అతనికి కష్టంగానే ఉంది.

"స్వామీ, చెట్టయితే బతికింది కాని, ఈ ఏడు కాపు లేదు."

స్వామి తన పక్కనున్న నేల మీద ఒకసారి అరచెయ్యి ఆనించారు.

"ఈ ఏడు కింద కాసింది నాయనా" అన్నారు.